పాలకొండ రోడ్డు డీటీపీ సెంటర్: టేబుళ్లకి అయిదు స్టార్లు, జర్నల్ సబ్మిషన్‌కి సున్నా

"థీసిస్ టైపింగ్, బైండింగ్, జర్నల్ సబ్మిషన్ చేయబడును."

శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో ఒక చెప్పుల షాపు పక్కనుంచి మెట్లెక్కబోతే ఈ బోర్డు కనబడుతుంది. మొదటి రెండు మాటలూ ఎండకి వెలిసిపోయాయి, మూడోది, అంటే పరిశోధన పేపర్‌ని జర్నల్‌కి పంపిపెట్టే పని, మాత్రం ఎర్ర రంగుతో ఈమధ్యే చేర్చారు. నేను ఆ ఎర్ర అక్షరాలు చూసే మెట్లెక్కాను. వెలిసిపోయిన అక్షరాల పనికైతే కళ్లు మూసుకుని వెళ్లండి, ఎర్ర అక్షరాల పనికి మాత్రం వద్దు. ఎందుకో కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక ఉంటే చదవండి.

షాపు పేరు రాయడం లేదు. కింద పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఓనరు గారి టీ నేను ఇప్పటికీ తాగుతున్నాను.

నేను జనరల్ మెడిసిన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. శ్రీకాకుళం డాక్టర్ పేపర్ రాశాడంటే చాలు, మా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు గురించేనా అంటారు అందరూ. నాది అది కాదు, పాముకాటు. నాట్లు మొదలైన దగ్గర్నుంచి కోతల దాకా మా క్యాజువాలిటీకి వచ్చే కేసులు, కాటు పడిన ఎంతసేపటికి విరుగుడు ఇంజెక్షన్ పడింది, మధ్యలో పసరు మందు దగ్గర ఎంతసేపు ఆగారు, అదీ సంగతి. కేస్ షీట్లు తిరగేసి రాత్రి డ్యూటీల్లో ఎక్సెల్‌లోకి ఎక్కించడానికే ఏడాది పట్టింది. అంతా రాశాక చూస్తే పద్నాలుగు పేజీలు, నాలుగు టేబుళ్లు, ఒక గ్రాఫు, రెండు ఫొటోలు, ఇరవై ఎనిమిది రిఫరెన్సులు, వీటిలో ఒక్కటి కూడా జర్నల్ అడిగిన పద్ధతిలో లేదు. ప్రమోషన్ ఫైల్లోకి పేపర్ కావాలి, నాకు ఓపిక అయిపోయింది. అలా వెళ్లాను.

ముందు మంచి చెప్పాలి. అక్కడ ఆపరేటర్ ఒక కుర్రాడు, కామర్స్ డిగ్రీ, బయాలజీ వాసన కూడా తెలియదు. కానీ టేబుల్ గురించి అతనికి తెలిసినంత మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు, నాతో సహా. నేను స్పేస్‌బార్ కొట్టి కొట్టి గడులు పేర్చుకున్నాను, నా లాప్‌టాప్‌లో బాగానే ఉంది, అతని సిస్టమ్‌లో తెరిస్తే అంకెలన్నీ సంతలో జనంలా చెల్లాచెదురు. నవ్వలేదు, పాపం. వర్డ్‌లో టేబుల్ ఇన్సర్ట్ చేసి, ఒక్కో అంకె ఒక్కో గడిలో పెట్టి, నిలువు గీతలు తీసేసి, టైటిల్ పైన, వివరణ గుర్తులు కింద పెట్టి ఇచ్చాడు. టేబుల్‌ని ఫొటోలా అతికిస్తే జర్నల్ వాళ్లు వెనక్కి పంపుతారనీ అతనే చెప్పాడు.

అసలు విషయం అది కూడా కాదు. రెండో టేబుల్ దగ్గర ఆగి, "సార్, మగ, ఆడ కలిపితే మొత్తం కంటే ఒకటి తక్కువ వస్తోంది" అన్నాడు. నేను చూసుకున్నాను, మా స్టాటిస్టిక్స్ మేడం చూశారు, కో-ఆథర్లు ఇద్దరు 'ఫైన్' అని మెసేజ్ పెట్టారు. ఎవరికీ కనబడలేదు. వెనక్కి వెళ్లి వెతికితే ఒక కేస్ షీట్‌లో ఆడా మగా అన్న గడే నింపలేదు. పెళ్లి శుభలేఖలు, ఎలక్షన్ కరపత్రాలు కొట్టే కుర్రాడు పట్టుకున్న తప్పు ఇది. ఆ ఒక్కటి అలాగే వెళ్లి ఉంటే, జర్నల్ తరఫున పేపర్ చదివి తూచే రివ్యూయర్ మిగతా అంకెల్ని కూడా నమ్మేవాడు కాదు.

ఇంకోటి, పీ విలువ, అంటే నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె. లెక్కలు కట్టే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో మూడు దశాంశాలే చూపిస్తుంది కాబట్టి మరీ చిన్న విలువ వస్తే 0.000 అని పడుతుంది, నేను దాన్ని అలాగే దించేశాను. నిజానికి అది సున్నా కాదు, 0.001 కంటే తక్కువ అని రాయాలి. ఈ కుర్రాడు థీసిస్‌లు కొట్టీ కొట్టీ, ఎగ్జామినర్లు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టడం చూసీ చూసీ నేర్చుకున్నాడట. "ఇది ఎందుకో నాకు తెలీదు గానీ సార్, ఇలా ఉంటే తిరిగొస్తుంది" అన్నాడు.

ఫొటోల దగ్గర తప్పు నాదే. ఇరవై నిమిషాల పరీక్ష తెలుసు కదా, రక్తం గాజు ట్యూబులో పోసి కదపకుండా ఉంచి, ఇరవై నిమిషాలకి వంచి చూస్తాం, గడ్డకట్టకపోతే పింజరి కాటు విషం ఎక్కిందని అర్థం. ఆ ట్యూబుల ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. వాట్సాప్ ఫొటోని నలిపేసి చిన్నది చేస్తుంది, జర్నల్‌కి అంగుళానికి 300 చుక్కలు కావాలి. "ఫొటోలా కాదు, డాక్యుమెంట్‌లా పంపండి సార్" అన్నాడు, మళ్లీ పంపాను, సరిపోయింది. ఇంత చిన్న సంగతి తెలియక నాలుగు రోజులు పోయాయి.

ఇక షాపు దెబ్బ తిన్న చోటు తెలుగు. ఆశ్చర్యంగా ఉందా? రోగి అంగీకార పత్రం, అడిగిన ప్రశ్నల కాగితం తెలుగులో ఉంటాయి, కొన్ని జర్నళ్లు వాటిని కూడా అప్‌లోడ్ చేయమంటాయి. ఇక్కడ తెలుగంటే అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఆ ఫాంట్లున్న కంప్యూటర్లోనే తెలుగులా కనబడే పాత పద్ధతి. శుభలేఖకి అద్భుతంగా ఉంటుంది, 'వధువు' పక్కన వంకీలతో సహా. అదే ఫైల్ వేరే కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసిన పిచ్చిరాత. నా అంగీకార పత్రం, పరిశోధనలకి అనుమతిచ్చే మా ఎథిక్స్ కమిటీ సెక్రటరీ గారి కంప్యూటర్లో అలాగే తెరుచుకుంది, ఆయన వైరస్ అనుకున్నారు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగులాగే కనబడే యూనికోడ్‌లో మళ్లీ కొట్టమంటే ఓనరు గారు ముఖం చిన్నబుచ్చుకున్నారు. "ఇరవై ఏళ్లనుంచి అనూలోనే కొడతన్నాం డాక్టర్ బాబూ, ఏటి తేడా?" అన్నారు. చివరికి మూడు పేజీలూ నేనే ఫోన్లో కొట్టుకుని మెయిల్ చేశాను. మీకు తెలుగు కాగితాలుంటే ముందే యూనికోడ్ అని గట్టిగా చెప్పండి, లేదా ఇంట్లోనే కొట్టుకోండి.

రిఫరెన్సులు సగం బాగున్నాయి, సగం బాలేదు. మెడికల్ జర్నళ్లలో ఎక్కువ భాగం అడిగేది వాంకూవర్ పద్ధతి, 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు ఎడిటర్లు కూర్చుని మొదలుపెట్టినది. పాఠంలో వచ్చిన వరస ప్రకారం ఒకటి, రెండు, మూడు అని నంబర్లు, ఆరుగురి దాకా ఆథర్ల పేర్లు రాసి ఆ తర్వాత తదితరులు, జర్నల్ పేరు పొట్టిరూపంలో. కుర్రాడికి ఇదంతా కొట్టిన పిండి. కానీ నంబర్లన్నీ చేత్తో టైపు చేస్తాడు. నేను ఇంట్రడక్షన్‌లో ఒక వాక్యం చేర్చాను, 2017లో డబ్ల్యూహెచ్‌ఓ పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చిందని, దానికో రిఫరెన్సు. అది నాలుగోది అయింది. అంతే, నాలుగు అయిదు కావాలి, అయిదు ఆరు కావాలి, ఇరవై ఎనిమిది దాకా. కుర్రాడు సాయంత్రం అంతా మార్చాడు, రెండు చోట్ల మర్చిపోయాడు, పసరు మందు గురించిన వాక్యం పక్కన కట్లపాము విషం మీద రాసిన పేపర్ నంబరు పడింది.

అప్పుడే నేను జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఉచితం. వర్డ్‌లో ఒక మీట వస్తుంది, రిఫరెన్సు చేర్చినా తీసినా నంబర్లు వాటంతట అవే సర్దుకుంటాయి, జర్నల్ మారితే స్టైల్ మార్చుకోవచ్చు. దీనికి విడిగా రివ్యూ రాయాలి గానీ ఒక్క మాటలో చెప్పాలంటే పీజీ మొదటి ఏడాదిలోనే పెట్టుకోండి, నాలాగా ముప్పై ఎనిమిదేళ్లకి కాదు. ఆ కుర్రాడికి కూడా చూపించాను, అరగంటలో పట్టేశాడు. ఇప్పుడు షాపులో దానికి వేరే రేటు పెట్టారని విన్నాను, ఉచిత సాఫ్ట్‌వేర్‌కి రేటేమిటని అడగలేదు, అతని కష్టానికి కదా.

ఇక్కడినుంచి తిట్లు.

"ఇంగ్లీష్ పాలిష్" అని ఒక సర్వీసు ఉంది, పేజీకి నలభై రూపాయలు. మెథడ్స్‌లో నా థీసిస్ వాక్యాలు కొన్ని ఉన్నాయి, సిమిలారిటీ, అంటే పాత రాతలతో పోలిక, ఎక్కువ వస్తుందని భయపడి సరే అన్నాను. ఏదో వాక్యాలు తిరగరాసే సాఫ్ట్‌వేర్‌లో వేసి తీశారు. రాత్రి డ్యూటీలో చదువుతున్నాను, రక్తపింజరి కాటు తర్వాత కొందరు రోగుల్లో 'కిడ్నీ డిజప్పాయింట్‌మెంట్' వచ్చిందట. ఫెయిల్యూర్‌కి పర్యాయపదం వేసింది యంత్రం! కిడ్నీలు నిరాశ చెందాయి పాపం. నర్సింగ్ స్టేషన్‌లో ఒక్కడినే కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను, తర్వాత భయమేసింది, ఎందుకంటే ఇది నా ఒక్కడి జోకు కాదు. ఇలాంటి వంకర పదబంధాల్ని జాబితాలు కట్టి, అచ్చయిన పేపర్లలో వెతికి పట్టుకునే పరిశోధకులు ఉన్నారు, ఆ పేపర్లు వెనక్కి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. థీసిస్ నుంచి వచ్చిన వాక్యాలైతే అవి థీసిస్ నుంచి వచ్చాయని ఎడిటర్‌కి కవరింగ్ లెటర్‌లో చెప్పేస్తే సరిపోయేది. చాట్‌బాట్‌తో ఇంగ్లీషు సరిచేయించుకున్నా అంతే, 2023 నుంచి ఐసీఎంజేఈ, అంటే మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, ఎక్కడ ఎలా వాడారో రాయమంటోంది, దాన్ని ఆథర్‌గా పెట్టకూడదంటోంది. పాలిష్ డబ్బులు ఓనరు గారు తిరిగి ఇచ్చేశారు, అది ఒప్పుకోవాలి.

ఎర్ర అక్షరాల ప్యాకేజీ ఆరు వేలు. అందులో ఏముందో వినండి. లామినేషన్ చేసిన ఒక కాగితం తీసి చూపించారు. ఫాస్ట్, మీడియం, స్లో, రైల్వే టైమ్‌టేబుల్‌లా ఉంది. ఫాస్ట్ అంటే వారంలో పబ్లికేషన్, ఫీజు అదనం. అందులో ఒక్క జర్నల్ పేరూ నేను లైబ్రరీలో చూసింది కాదు. "అన్నీ ఇంటర్నేషనలే బాబూ" అన్నారు. వారంలో పీర్ రివ్యూ, అంటే అదే రంగంలో వేరేవాళ్లు చదివి తప్పొప్పులు చెప్పడం, ఎలా అవుతుందండీ? మా ఎథిక్స్ కమిటీ మీటింగుకి తేదీ దొరకడానికే నెల పడుతుంది. పేరులో ఇంటర్నేషనల్ అని ఉంటే అయిపోదు, వెబ్‌సైట్‌లో, వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ బొమ్మ పెట్టుకున్నా అయిపోదు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే ప్రస్తుతం మెడ్‌లైన్‌లో, అంటే ఆ లైబ్రరీ ఎంచిన జర్నళ్ల సూచిలో, ఇండెక్స్ అవుతోందో లేదో అక్కడే రాసి ఉంటుంది, రెండు నిమిషాల పని. ఇది చిన్న మోసం కాదు, హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక పబ్లిషర్ సంస్థని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు అయిదు కోట్ల డాలర్లకి పైగా కట్టమంది, ఫీజులు దాచి పెట్టడం, రివ్యూ సరిగా జరగకపోయినా జరుగుతుందని చెప్పడం లాంటివాటికి. మన పక్కనే జరుగుతున్న సంగతి.

సరే, జర్నల్ నేను చెబుతాను, అప్‌లోడ్ మాత్రం చేసి పెట్టండన్నాను. అకౌంట్ తెరవడానికి ఈమెయిల్ అడిగింది, షాపు మెయిల్ కొట్టేశారు. అంటే ఎడిటర్ రాసే ప్రతి ఉత్తరమూ, రివ్యూయర్ కామెంట్లూ, పాస్‌వర్డ్ మార్చే లింకూ అన్నీ చెప్పుల షాపు పైకి వెళ్తాయి, నాకు వాళ్లు చెబితే తెలుస్తుంది. ఆపించాను. తర్వాత రివ్యూయర్లని సూచించమనే పేజీ వచ్చింది, అక్కడ నాలుగు పేర్లు రెడీగా ఉన్నాయి. అందరి మెయిళ్లూ ఒకే రకం, ఏ యూనివర్సిటీవీ కావు. ఎవరు వీళ్లంటే "మనోళ్లే" అన్నారు. ఆపించాను.

చివర్న డిక్లరేషన్ల పేజీ. ఆథర్లందరూ చివరి కాపీ చదివి ఒప్పుకున్నారా, ప్రయోజనాల ఘర్షణ ఉందా, ఎథిక్స్ అనుమతి నంబరు ఎంత. టకటకా టిక్కులు పెట్టేశారు. నంబరు గడి నిండి ఉంది. నేనింకా నంబరు చెప్పనే లేదు. చూస్తే అది నాది కాదు, అంతకుముందు వచ్చిన ఎవరో పీజీది, పాత ఫైల్ మీదే నా ఫైల్ పేస్ట్ చేశారు. సబ్మిట్ నొక్కి ఉంటే పాముకాటు పేపర్ ఎవరి అనుమతితోనో వెళ్లిపోయేది, రేపు ఎవరైనా అడిగితే సమాధానం చెప్పాల్సింది నేను. ఆ క్షణంలో నాకు చెమటలు పట్టాయి, షాపులో ఏసీ ఉంది మరి.

ఇదంతా ఓనరు గారి దుర్మార్గం అనను. ఆయనకి ఇది ఆధార్ అప్‌డేట్, కరెంటు బిల్లు లాంటి ఫారం, గడులు నింపితే పని అయిపోతుంది. మోసం తెలిసి చేసినది ఒక్కటే. లేచి వస్తుంటే గొంతు తగ్గించి, "రెండు పేర్లు ఖాళీ ఉంటే సెప్పండి బాబూ, అడిగేవోళ్లున్నారు, మీ ఖర్చు వచ్చేస్తాది" అన్నారు. ఆథర్ సీట్లు అమ్మడం! ఆయన్ని తిట్టబోయి ఆగాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక్క కేస్ షీట్ కూడా తిప్పని ఒక పెద్దాయన పేరు అప్పటికే నా లిస్టులో మూడో స్థానంలో ఉంది, డబ్బు తీసుకోలేదంతే తేడా. ఐసీఎంజేఈ ఆథర్ కావడానికి నాలుగు షరతులు పెట్టింది, పనిలో చెప్పుకోదగ్గ పాలు, రాయడమో దిద్దడమో, చివరి కాపీకి ఒప్పుకోలు, ఆ తర్వాత పేపర్ మొత్తానికి జవాబుదారీ, నాలుగూ ఉండాలి. ఇంటికొచ్చాక ఆ పెద్దాయనకి ఫోన్ చేసి, పేరు ఉండాలంటే డ్రాఫ్ట్ చదివి కామెంట్లు రాసివ్వండి సార్ అని మర్యాదగానే అడిగాను. ఆయన కూడా మర్యాదగానే నా పేరు తీసేయవయ్యా అన్నారు. అప్పట్నుంచి కారిడార్‌లో నా నమస్కారం ఆయనకి కనబడటం లేదు.

సబ్మిషన్ ఇంట్లో నేనే చేశాను, రాత్రి పదింటికి మొదలెడితే ఒంటిగంట దాటింది. పేర్లు, కాలేజీ వివరాలు ఉన్న టైటిల్ పేజీ వేరే ఫైల్, అసలు పేపర్‌లో ఎక్కడా మనం ఎవరమో తెలియకూడదు, రివ్యూయర్‌కి కనబడకుండా. అన్నీ తీశాననుకున్నాను, ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ అన్నచోట డీటీపీ సెంటర్ పేరు వెలుగుతోంది! వర్డ్‌లో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ అని ఉంటుంది, అది నొక్కి చెరపండి. స్ట్రోబ్ చెక్‌లిస్టు కూడా పెట్టమన్నారు, మాలాంటి పరిశీలన అధ్యయనాలకి ఇరవై రెండు అంశాలు, ఏది ఏ పేజీలో ఉందో రాయాలి. అది నింపుతుంటేనే తెలిసింది, డేటా లేని కేసుల్ని ఏం చేశానో నేనెక్కడా రాయలేదని. ఆ ఆడా మగా నింపని కేస్ షీట్ గుర్తొచ్చింది, ఒక వాక్యం చేర్చాను.

రెండుసార్లు టెక్నికల్ చెక్‌లోనే తిరిగొచ్చింది, ఒకసారి లైన్ నంబర్లు లేవని, ఇంకోసారి ఎథిక్స్ లెటర్ స్కాన్ సరిగా లేదని. మూడోసారి లోపలికి వెళ్లింది. పదకొండు వారాలకి సరిచేసి మళ్లీ పంపమని రివిజన్ వచ్చింది, ఇద్దరు రివ్యూయర్లు, పందొమ్మిది ప్రశ్నలు. అందులో మూడో టేబుల్‌ని రెండుగా విడగొట్టమన్నారు.

దానికి మళ్లీ పాలకొండ రోడ్డే. రేట్లు చెబుతాను, నేను ఇచ్చినవి: ఇంగ్లీషు టైపింగ్ పేజీకి ఇరవై అయిదు, టేబుల్‌కి అరవై, రిఫరెన్సులు సర్దడానికి మొత్తం ఆరు వందలు, ప్రింటు వేరే. ఆదివారం మధ్యాహ్నం దాకానే ఉంటారు. పెళ్లిళ్ల సీజన్లో, ఎలక్షన్ల ముందు వెళ్లకండి, మీ పేపర్ కరపత్రాల కట్టల కింద పడుతుంది. రథసప్తమికి అరసవల్లి జనం దిగితే ఊళ్లోకి బండి రావడమే కష్టం, ఆ రెండు రోజులు మర్చిపోండి. బండి పెట్టుకోవడానికి జాగా లేదు, చెప్పుల షాపాయనతో మంచిగా ఉండండి. పెన్‌డ్రైవ్ మాత్రం పెట్టకండి, వైరస్ గ్యారంటీ, ఫైల్ మెయిల్ చేసి అక్కడే తెరిపించండి, రోగుల పేర్లున్న ఎక్సెల్ అసలు తీసుకెళ్లొద్దు, పని అయ్యాక వాళ్ల సిస్టమ్‌లో మీ ఫైల్ మీ కళ్లముందే తీయించండి.

పేపర్ చివర కృతజ్ఞతల్లో కుర్రాడి పేరు పెడతాను, రాతపూర్వకంగా ఒప్పుకోలు కావాలి సంతకం పెట్టమంటే లోను కాగితం అనుకుని ముందు ఓనరు గారి వైపు చూశాడు. విషయం చెప్పాక రెండుసార్లు చదివి, ఇంటిపేరులో ఒక అక్షరం సరిచేసి, సంతకం పెట్టాడు. ఓనరు గారు టీ తెప్పించి, "మరి షాపు పేరు రాదేటండీ?" అన్నారు.